లడ్డూ బలం: ఛోటా భీమ్ కథ

ఈ పూట మన ప్రసంగం ఒక తొమ్మిదేళ్ల కుర్రవాడి గురించి. ఒంటి మీద చొక్కా ఉండదు. నారింజ రంగు ధోవతి కట్టుకుంటాడు. ఊరు ఢోలక్‌పూర్. ఆ ఊరు ఏ దేశపటంలోనూ కనిపించదు. ఆపద వచ్చినప్పుడు ఒక లడ్డూ నోట్లో వేసుకుంటాడు, వెంటనే వెయ్యేనుగుల బలం వస్తుంది. మీ ఇంట్లో పిల్లలుంటే ఈపాటికే వాడి పేరు చెప్పేసి ఉంటారు. అవును, వాడే ఛోటా భీమ్.

బొమ్మల కార్యక్రమం గురించి రేడియోలో ఇంతసేపు చెప్పుకోవాలా అని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. చెప్పుకోవాలి. పిల్లవాడు బడిలో ఉపాధ్యాయుడి మాట ఎంతసేపు వింటాడో, అమ్మానాన్నలతో ఎంతసేపు మాట్లాడతాడో లెక్క వేసుకుంటే, ఈ బొమ్మలతో గడిపే సమయం వాటికి ఏమంత తక్కువ కాదని తెలుస్తుంది. ఈ భీముణ్ణి మెచ్చుకునేవారున్నారు, తిట్టేవారూ ఉన్నారు. మన పురాణాల పేరు మన పిల్లల నోట నిలబెట్టాడని ఒకరంటారు. తన్నులాటలు నేర్పాడు, మిఠాయి పిచ్చి పట్టించాడు అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలూ విందాం. వీడు ఎలా పుట్టాడు, ఎందుకు ఇంత పెరిగాడు, వీడి మీద వచ్చిన అభియోగాల్లో నిజమెంత, ఇంట్లో మనం చేయగలిగిందేమిటి అన్నది వరుసగా చూద్దాం.

ముందుగా పుట్టుక సంగతి. దూరదర్శన్ ఒక్కటే ఉన్న కాలంలో పిల్లలకు కార్టూను అంటే వారానికోసారి దొరికే విందు. 1990లలో ఆదివారం వచ్చిన జంగిల్ బుక్ గుర్తుండే ఉంటుంది. అడవిలో తోడేళ్ల మధ్య పెరిగిన మౌగ్లీ కథ అది. కథ మన దేశపు అడవిదే గాని, ఆ బొమ్మలు గీసినవారు జపాన్ వారు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది. 2004 జనవరిలో పోగో వచ్చింది. వారానికోసారి విందు పోయి, రోజంతా ఆగని వడ్డన మొదలయింది. అయితే ఆ వడ్డనలో ఎక్కువ భాగం అమెరికా, జపాన్ దేశాల వంటే.

దానికి కారణం డబ్బు లెక్క. ఒక కార్టూను తయారుచేయడం చాలా ఖర్చుతో కూడిన పని. పదకొండు నిమిషాల కథ ఒకటి తీసుకుందాం. తెర మీద సెకనుకు ఇరవై అయిదు చిత్రాలు కదులుతాయి. పదకొండు నిమిషాలంటే 660 సెకన్లు. అంటే 16,500 చిత్రాలు. ఇన్నిటినీ విడివిడిగా గీయరు లెండి. ఒక్కో బొమ్మను రెండు మూడు చిత్రాల కాలం నిలిపి ఉంచుతారు, ఒళ్లు కదలకుండా నోరూ కళ్లూ మాత్రం కదిలిస్తారు, పరుగెత్తే కాళ్లను ఒకసారి గీసి పదిసార్లు వాడుకుంటారు. అయినా పదుల మంది కొన్ని వారాలు కూర్చోవలసిన పని. అదే పరాయి దేశంలో ఎప్పుడో తయారైన కార్టూనును కొని తెచ్చి, ఇక్కడి గొంతులతో మాటలు మార్చడం చాలా చౌక. అందుకే ఛానళ్లవారు చాలాకాలం ఆ దారినే పోయారు. మన దేశపు కార్టూను మన పిల్లలే చూడరన్న నమ్మకం కూడా వ్యాపారంలో గట్టిగా పాతుకుపోయింది.

ఆ నమ్మకాన్ని తిరగరాసినది హైదరాబాదు. మన బీదరు నుంచి బస్సెక్కితే జహీరాబాదు మీదుగా మూడు నాలుగు గంటల దారి. రాజీవ్ చిలక అనే తెలుగాయన ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్లి పైచదువు చదివి, అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, దాన్ని వదులుకొని యానిమేషన్ నేర్చుకున్నారు. తిరిగి వచ్చి 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను స్థాపించారు. మొదట విక్రమ్ భేతాళ కథలు, కృష్ణుడి కథలు బొమ్మల్లో తీశారు. 2008 ఏప్రిల్‌లో పోగో ఛానల్‌లో ఛోటా భీమ్ మొదలయింది.

తరువాతి సంగతి మీ ఇంటి గోడలే చెబుతాయి. బడి సంచి మీద భీమ్, నీళ్ల సీసా మీద భీమ్, టిఫిన్ డబ్బా మీద భీమ్, పుట్టినరోజు కేకు మీద భీమ్. 2012లో ఛోటా భీమ్ అండ్ ద కర్స్ ఆఫ్ దమ్యాన్ అనే సినిమా థియేటర్లకు వచ్చింది. 2019 ఏప్రిల్‌లో మైటీ లిటిల్ భీమ్ పేరుతో, ఇంకా మాటలు రాని పసిబిడ్డగా వీడు నెట్‌ఫ్లిక్స్‌లో కనిపించాడు. అందులో సంభాషణలు దాదాపు లేవు కాబట్టి భాష అడ్డు రాలేదు. భారతదేశం బయట 2 కోట్ల 70 లక్షల ఇళ్లలో దాన్ని చూశారని ఆ సంస్థ ప్రకటించింది. 2024లో అదే దమ్యాన్ కథను మనుషులైన నటులతో మళ్లీ సినిమాగా తీశారు. తెలుగు నేల మీద గీసిన ఒక బొమ్మ ఇంత దూరం ప్రయాణించడం చిన్న విషయం కాదు. ముందుగా ఆ గౌరవం ఇచ్చి, తరువాత తప్పొప్పులు ఎంచుదాం.

ఇంతకీ ఈ భీముడు ఏ భీముడు? పేరు మహాభారతం నుంచి వచ్చింది. బలం, ఆకలి అక్కడివే. మిగతాది అంతా కొత్త అల్లిక. పాండవులు లేరు, కౌరవులు లేరు, కుంతి లేదు. ఇంద్రవర్మ అనే రాజు, ఇందుమతి అనే రాజకుమారి, చుట్కీ అనే స్నేహితురాలు, రాజు అనే చిన్నవాడు, జగ్గు అనే మాట్లాడే కోతి, కాలియా అనే మొండివాడు, వాడి వెంట ఢోలు భోలు అనే కవల పిల్లలు. లడ్డూల దుకాణం టున్‌టున్ మౌసీది. కథ ఒకటే మూస. ఊరికి ఆపద వస్తుంది. కాలియా గొప్పలకు పోయి బోర్లా పడతాడు. భీమ్ లడ్డూ తింటాడు, ఆపద తీరుస్తాడు, రాజు మెచ్చుకుంటాడు. పెద్దలకు ఇది విసుగు. పిల్లలకు ఇదే బలం. తరువాత ఏమవుతుందో ముందే తెలిసిన కథ పిల్లవాడికి ధైర్యం ఇస్తుంది. అవ్వ చెప్పిన కథనే మళ్లీ చెప్పమని అడగడం, ఒక్క మాట మారినా ఒప్పుకోకపోవడం మనం చూడలేదా?

మన భీముడు ఈ నేలకు కొత్తవాడేమీ కాదు. నన్నయగారి ఆదిపర్వంలోనే భీముడి చిన్ననాటి ఆగడాలున్నాయి. చెట్టెక్కిన కౌరవ బాలురను చెట్టు ఊపి పళ్లు రాల్చినట్టు రాల్చేవాడు. దుర్యోధనుడు విషం పెట్టి నదిలో పడేస్తే నాగలోకం చేరి, అక్కడ దివ్యరసం తాగి మహాబలంతో తిరిగి వచ్చాడు. ఇటు కన్నడంలో రన్న మహాకవి గదాయుద్ధం రాసి, తన ప్రభువైన చాళుక్య సత్యాశ్రయుణ్ణి భీముడితో పోల్చాడు. ఆ చాళుక్యులే తరువాతి కాలంలో కల్యాణ నగరాన్ని రాజధాని చేసుకున్నారు. అది ఈనాటి మన బసవకల్యాణం. ఇక 1957లో వచ్చిన మాయాబజార్‌లో భీముడి కొడుకు ఘటోత్కచుడు, అంటే ఎస్. వి. రంగారావుగారు, పెళ్లివారి వంటశాలలో లడ్డూలను గాలిలో తేలించి మింగిన దృశ్యం మూడు తరాలకు గుర్తే. కాబట్టి బలానికీ తిండికీ ముడి వేయడం హైదరాబాదు చిత్రకారులు కనిపెట్టింది కాదు. మన కథల్లో ఉన్నదే. వారు దాన్ని రోజూ ఇంట్లోకి వచ్చేలా చేశారు. చిక్కు వచ్చింది అక్కడే.

ఇప్పుడు అభియోగాలకు వద్దాం. మొదటిది కొట్లాట. భీమ్ ప్రతి చిక్కునూ పిడికిలితో తీరుస్తాడు, అది చూసి పిల్లలు కొట్టుకుంటున్నారు అన్నది. దీని మీద 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. గాలి నింపిన ఒక పెద్ద బొమ్మను ఒకరు కొట్టడం, తన్నడం, తిట్టడం చిన్న పిల్లలకు చూపించారు. 1963 నాటి ప్రయోగంలో కొందరు పిల్లలకు మనిషిని ఎదురుగా, కొందరికి సినిమాలో, ఇంకొందరికి పిల్లి వేషంలో కార్టూను మాదిరిగా చూపించారు. తరువాత ఆ బొమ్మ ఉన్న గదిలో పిల్లలను వదిలితే, చూసిన పిల్లలు చూడనివారికంటే ఎక్కువగా కొట్టారు. కార్టూను చూసినవారూ అంతే.

ఆయన 1965లో ఇంకో మెట్టు ఎక్కారు. కొట్టినవాణ్ణి మందలించినట్టు చూపిస్తే పిల్లలు అనుకరించడం తగ్గింది. మెచ్చుకొని మిఠాయి ఇచ్చినట్టు చూపిస్తే తగ్గలేదు. ఈ మెలిక మనకు ముఖ్యం. పిల్లవాడు దెబ్బను మాత్రమే చూడడు, దెబ్బ తరువాత ఏం జరిగిందో కూడా చూస్తాడు. ఢోలక్‌పూర్‌లో దెబ్బ తరువాత జరిగేది సన్మానం. అయితే న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ బొమ్మ కొట్టడానికే తయారైన ఆటవస్తువు. గదిలో బొమ్మను కొట్టడం, వీధిలో తోటి పిల్లవాణ్ణి కొట్టడం ఒకటి కాదని విమర్శకులు అన్నారు. భీమ్ ఉత్తపుణ్యానికి ఎవరినీ కొట్టడు, బలహీనుల పక్షాన నిలబడతాడు అన్నది కూడా నిజమే. కాబట్టి కార్టూను చూసినంత మాత్రాన పిల్లవాడు రౌడీ అవుతాడనడం అతిశయం. ఏమీ అంటదనడం అమాయకత్వం.

తెర మీది మాటను పిల్లలు అక్షరాలా నమ్మగలరని మనకు శక్తిమాన్ రోజుల్లోనే తెలిసింది. అది కార్టూను కాదు, 1997లో దూరదర్శన్‌లో మొదలైన సీరియల్. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రమాదాలు కొనితెచ్చుకున్నారని పత్రికల్లో వార్తలు రావడంతో, ఆ వేషం వేసిన ముకేశ్ ఖన్నాగారే తెర మీద పిల్లలకు జాగ్రత్తలు చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూనులో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరిసే సన్నివేశం చూసి 685 మంది పిల్లలను ఆసుపత్రులకు తరలించారు. కొందరికి మూర్ఛ వచ్చింది. ఆ భాగాన్ని మళ్లీ ప్రసారం చేయలేదు. బొమ్మలే కదా అని తేలిగ్గా తీసుకోరాదని లోకానికి తెలిపిన సంఘటన అది.

రెండో అభియోగం లడ్డూ. దీనికి ఒక అన్నగారున్నాడు. 1929లో అమెరికా పత్రికల్లో పుట్టిన పొపాయ్ అనే నావికుడు. వాడు పాలకూర డబ్బా తిని బలం తెచ్చుకునేవాడు. అక్కడి పాలకూర రైతులు ఎంత మురిసిపోయారంటే, టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీ అనే ఊళ్లో 1937లో వాడికి విగ్రహం నిలబెట్టారు. మన భీమ్ ఆకుకూర బదులు లడ్డూ తింటాడు. లడ్డూ తప్పు కాదు. పండుగకు, పెళ్లికి, జాతరకు లడ్డూ ఉండవలసిందే. అయితే లడ్డూ అంటే శనగపిండి, నెయ్యి, చక్కెర. పూర్వం ఇంట్లో ఏడాదికి కొన్నిసార్లు చేసేవారు. ఇప్పుడు మిఠాయి కొట్టులో రోజూ దొరుకుతుంది. తిన్న తరువాత భీమ్ కొండలు ఎత్తుతాడు, మన పిల్లవాడు మళ్లీ తెర ముందు కూర్చుంటాడు. తేడా అక్కడుంది. దానికి తోడు కార్యక్రమం మధ్యలో వచ్చే ప్రకటనల్లో బిస్కెట్లు, చాక్లెట్లు, తీపి పానీయాలు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండరాదని మన కేబుల్ నిబంధన. ఆ 12 నిమిషాల్లో పిల్లవాడి నోరూరించడానికి ఎంత తెలివి ఖర్చు చేస్తారో ఒకసారి పక్కన కూర్చొని చూడండి.

మూడో అభియోగం కాస్త సూక్ష్మమైనది. అది పేర్లకు, రంగులకు, ఆడపిల్లల స్థానానికి సంబంధించినది. కాలియా అంటే హిందీలో నల్లవాడు. ఆ పేరు పెట్టింది అసూయపరుడికి, మొండివాడికి. ఆ పేరుతో బడిలో నల్లగా ఉన్న పిల్లవాణ్ణి వెక్కిరించడం తేలిక. మన మధ్య నల్లరంగు లేని ఇల్లు ఏది? శ్రీకృష్ణుడే నల్లనివాడు కదా! ఇక చుట్కీ ఇంటిపనిలో తల్లికి సాయం చేస్తుంది, లడ్డూలు అందిస్తుంది. రాజకుమారి ఆపదలో చిక్కుకుంటుంది, భీమ్ కాపాడతాడు. ఆడపిల్ల స్వయంగా సమస్య తీర్చిన కథలు లేకపోలేదు గాని, పేరు మాత్రం భీమ్‌దే.

ఇదే విషయం 2020లో ఒక వింత గొడవగా బయటపడింది. లాక్‌డౌన్ రోజుల్లో దూరదర్శన్ కూడా ఛోటా భీమ్‌ను ప్రసారం చేసింది. ఆ జూన్ నెలలో, భీమ్ చివరికి చుట్కీని కాదని రాజకుమారి ఇందుమతిని పెళ్లి చేసుకున్నాడన్న పుకారు పుట్టింది. చిన్నప్పుడు ఈ కార్టూను చూసి పెద్దవారైన యువతీయువకులు చుట్కీకి న్యాయం జరగాలని సామాజిక మాధ్యమాల్లో వేల సంఖ్యలో రాశారు. చివరకు గ్రీన్ గోల్డ్ సంస్థ ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. భీమ్, చుట్కీ, ఇందుమతి ఇంకా చిన్న పిల్లలే, పెళ్లి వార్త నిజం కాదు, పసిపిల్లల నడుమ పెళ్లి ముచ్చట తేవద్దు అని దాని సారాంశం. చాలామంది దీన్ని నవ్వులాటగా తీసుకున్నారు. ఒక్క క్షణం ఆలోచిస్తే మాత్రం, లడ్డూ అందించిన పిల్ల పక్కన నిలబడవలసిందే గాని ముందు నిలబడలేదన్న బాధ ఆ హాస్యం వెనుక ఉంది. ఒక కార్టూను ఒక తరం మనసులో ఎంత లోతున కూర్చుందో కూడా అదే చెబుతుంది.

నాలుగో విషయం మన సరిహద్దు జిల్లావారికి అన్నిటికంటే దగ్గరిది. అది భాష. 1956 దాకా జహీరాబాదు, నారాయణఖేడు మన బీదరు జిల్లాలోనివే. రాష్ట్రాలు విడిపోయాయి, చుట్టరికాలు విడిపోలేదు. మన ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం లేదా ఇంగ్లీషు, బజారులో ఉర్దూ, భాల్కి వైపు వెళితే మరాఠీ. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లవాడికి తెలుగు అక్షరం బడిలో దొరకకపోవచ్చు. అలాంటి చోట తెలుగులో మాట్లాడే భీమ్ ఒక మేలు అనిపిస్తుంది. పోగో వంటి ఛానళ్లు తెలుగు మాటలతోనూ వచ్చాయి. 2009లో సన్ సంస్థవారు తెలుగులో ఖుషీ టీవీ, కన్నడంలో చింటూ టీవీ పిల్లల కోసమే మొదలుపెట్టారు. అయినా చాలా ఇళ్లలో రిమోట్ హిందీ దగ్గరే ఆగుతుంది. తెలుగు నేల మీద పుట్టిన భీమ్ మన పిల్లలతో హిందీలో మాట్లాడతాడు, మన పిల్లలు వాడి హిందీతోనే ఆడుకుంటారు.

ఇలాంటి బాధ మనకొక్కరికే కాదు. 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వం డోరేమాన్ అనే జపాన్ కార్టూను హిందీ ప్రసారాన్ని నిలిపివేసింది. పిల్లలు బెంగాలీ వదిలి హిందీలో మాట్లాడుతున్నారన్నది ఒక ముఖ్య కారణం. నిషేధం మన దారి కానక్కరలేదు. ఇంకో భాష రావడం నష్టం కాదు, బీదరు వారికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అసలు ప్రశ్న వేరు. తెర నుంచి భాష నిజంగా వస్తుందా?

2003లో అమెరికాలో ప్యాట్రిషియా కుహ్ల్ అనే శాస్త్రవేత్త బృందం దీన్ని పరీక్షించింది. ఇంగ్లీషు ఇళ్లలోని తొమ్మిది నెలల పసిపిల్లలకు చైనా భాషలో కథలు, ఆటలు వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చొని చెప్పింది. కొందరికి అదే మనిషి తెర మీద చెప్పింది. ఎదురుగా విన్న పిల్లలు ఆ భాష ధ్వనులను గుర్తుపట్టడం నేర్చారు. తెర మీద చూసినవారికి అది అబ్బలేదు. పెద్ద పిల్లలు తెర నుంచి మాటలు పట్టుకుంటారు, అది కాదనలేం. అయితే భాష నిలబడాలంటే ఎదుటి మనిషి కళ్లు కావాలి, అడిగితే జవాబు కావాలి. తెర మాట్లాడుతుంది గాని జవాబు వినదు. కాబట్టి మన పిల్లలకు తెలుగు నేర్పే పని భీమ్‌కు అప్పగించి మనం నిశ్చింతగా ఉండలేం. అది అవ్వతాతల పని, అమ్మానాన్నల పని.

ఇప్పుడు చట్టం సంగతి కొంచెం. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం కింద కార్యక్రమాలకు ఒక నియమావళి ఉంది. పిల్లల కార్యక్రమాల్లో చెడుమాటలు, బాహాటమైన హింస ఉండరాదని అందులో రాసి ఉంది. పిల్లలకు తగని కార్యక్రమాలను పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వేయరాదని కూడా ఉంది. ఈ నియమం ఎలా పనిచేస్తుందో షిన్‌చాన్ కథ చూపిస్తుంది. జపాన్‌లో ఇది 1990లో పెద్దలు చదివే పత్రికలో బొమ్మల కథగా మొదలై 1992లో టెలివిజన్‌కు వచ్చింది. అయిదేళ్ల పిల్లవాడు, పెద్దలను ఎదిరిస్తాడు, సిగ్గు విడిచిన చేష్టలు చేస్తాడు. మన దేశంలో 2006లో హంగామా ఛానల్‌లో వచ్చింది, మన భాషల్లోకీ వచ్చింది. తల్లిదండ్రుల ఫిర్యాదులు పెరిగి 2008లో ఆగిపోయింది. తరువాత కత్తిరింపులతో తిరిగి వచ్చింది. అంటే చట్టం ఒక దృశ్యాన్ని కత్తిరించగలదు. పిల్లవాడు ఎంతసేపు చూడాలో, చూసినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చట్టం చెప్పలేదు.

శ్రోతలారా, ఇక్కడ మన తోలుబొమ్మలాటను గుర్తుచేసుకోవాలి. తెలుగు వైపు కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. కన్నడ వైపు కిళ్లేక్యాత. రామరావణ యుద్ధం మధ్యలో వచ్చి వీళ్లు పలికే మాటలు, చేసే చేష్టలు ఈనాటి ఏ షిన్‌చాన్‌కూ తీసిపోవు. తన్నులూ ఉంటాయి, మోటు హాస్యమూ ఉంటుంది. పిల్లలు అది తెల్లవార్లూ చూశారు. పాడైపోయారా? పాడైపోలేదు. ఎందుకంటే అది ఏడాదికి ఒకటి రెండు రాత్రుల ముచ్చట. ఊరంతా కలిసి కూర్చొని చూసేవారు. కేతిగాడి మాటకు తాత నవ్వితే అది నవ్వులాట అని మనవడికి తెలిసేది. మరీ శ్రుతి మించితే పక్కనున్న అవ్వ ఛీ అంటే, అది ఇంట్లో అనరాని మాటని కూడా తెలిసేది. కథకు హద్దు గీసేది పక్కన కూర్చున్న పెద్దమనిషి.

ఈనాడు బొమ్మ మారింది, దాని కంటే ముఖ్యంగా పక్కన కూర్చునే మనిషి లేచి వెళ్లిపోయాడు. అన్నం తినిపించాలంటే టీవీ, పని చేసుకోవాలంటే టీవీ, ఇప్పుడు దాని బదులు చేతిలో ఫోను. భీమ్ మీద మనం వేసే నేరాల్లో సగం ఈ ఖాళీ చాప మీద వేయవలసినవి. పగలంతా కూలికో, దుకాణానికో, ఆఫీసుకో పోయి వచ్చిన తల్లిదండ్రులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారికి తీరిక లేదు. అయితే ఉన్న కొద్ది తీరికలో ఏం చేయవచ్చో చూద్దాం.

మొదటిది కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, భారతీయ బాలవైద్యుల అకాడమీ 2021లో దీనిపై సూచనలు ఇచ్చాయి. రెండేళ్లలోపు బిడ్డకు తెర అవసరమే లేదు. రెండు నుంచి అయిదేళ్ల వరకు రోజుకు గంటకు మించరాదు. అయిదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటల లోపు ఉండాలని మన వైద్యుల మాట. ఇందులో టీవీ, ఫోను అన్నీ కలిసే లెక్క.

రెండోది వేళ. అన్నం తినేటప్పుడు, చదువుకు కూర్చునే ముందు వద్దు. 2011లో అమెరికాలో నాలుగేళ్ల పిల్లలు 60 మందిపై చేసిన పరిశీలనలో, వేగంగా మారే కార్టూను తొమ్మిది నిమిషాలు చూసిన పిల్లలు ఆ వెంటనే ఇచ్చిన పరీక్షల్లో, రంగులు వేసుకుంటూ కూర్చున్న పిల్లల కంటే వెనకబడ్డారు. అది ఎంతకాలం ఉంటుందో ఆ పరిశీలన చెప్పలేదు గాని, చూసిన వెంటనే పుస్తకం ముందు కూర్చోబెడితే మనసు నిలవదని మాత్రం తెలుస్తుంది.

మూడోది మాట. వారానికి ఒకటి రెండుసార్లయినా పక్కన కూర్చోండి. ఒక్క ప్రశ్న అడగండి. భీమ్ కొట్టకుండా ఇంకెలా గెలవవచ్చు? ఈ కథ చుట్కీ నడిపితే ఎలా ఉండేది? కాలియా ఎందుకు అసూయపడ్డాడు? పిల్లలు చెప్పే జవాబులు మనల్ని ఆశ్చర్యపరుస్తాయి. రెండు నిమిషాల ఈ మాట, చూసేవాణ్ణి ఆలోచించేవాడిగా మారుస్తుంది. ఆ మాట తెలుగులో అడగండి, జవాబు తెలుగులో రాబట్టండి. మధ్యలో నాలుగు కన్నడ మాటలు, నాలుగు ఉర్దూ మాటలు కలిస్తే కలవనివ్వండి. అది మన బీదరు తెలుగు.

నాలుగోది అసలు భీముడు. ఛోటా భీమ్ పుణ్యమా అని పేరు పిల్లలకు తెలిసింది. మిగతా కథ చెప్పే అవకాశం మనకు దక్కింది. బండెడు అన్నం తిని బకాసురుణ్ణి చంపి ఏకచక్రపురాన్ని కాపాడిన భీముడు, విరాటుడి కొలువులో గరిటె పట్టిన వంటవాడైన భీముడు, ద్రౌపది అవమానాన్ని సహించలేని భీముడు. బలవంతుడు వంట చేయడం, ఏడాదిపాటు తన బలాన్ని దాచుకొని ఓర్చుకోవడం ఏ కార్టూనూ చూపని గొప్ప పాఠం. ఆ పాఠం చెప్పడానికి కరెంటు కూడా అక్కరలేదు.

ఢోలక్‌పూర్ పిల్లవాణ్ణి ఇంటి నుంచి తరిమేయవలసిన పని లేదు. వాడు అతిథి. అతిథికి వేళ ఉంటుంది, మర్యాద ఉంటుంది. ఇల్లు మాత్రం మనది, పిల్లలు మనవారు, వారికి ఏది ఎంత అందాలో నిర్ణయించే బాధ్యతా మనదే. ఈ రాత్రి భోజనాల తరువాత పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, భీముడు ఒక్కడే బండెడు అన్నం ఎలా తిన్నాడో చెప్పి చూడండి. మళ్లీ చెప్పమని అడగకపోతే చూద్దాం!